గట్టిగా పెంచడమా, గారాబమా? పెద్దయ్యాక డిప్రెషన్ రాకుండా ఏది మేలు?

పిల్లల్ని అదుపులో పెట్టాలా, వాళ్ల ఇష్టానికి వదిలేయాలా అనే వాదన ఇళ్లల్లో ఎప్పటికీ తెగదు. డిప్రెషన్ సంగతి ఆలోచిస్తే మాత్రం అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఆ అదుపు వెనక ప్రేమ ఉందని పిల్లలకు తెలుస్తోందా?

అమెరికన్ సైకాలజిస్ట్ డయానా బామ్‌రిండ్ 1960ల్లో పెంపకాన్ని మూడు రకాలుగా చూశారు: హుకుం చలాయించేది, ప్రేమతో పాటు హద్దులూ పెట్టేది, ఏం చేసినా సరేననేది. అసలు పట్టించుకోని పెంపకం 1983లో నాలుగోదిగా చేరింది.

ఆరింటికి రమ్మంటే పిల్లాడు ఎనిమిదింటికి వచ్చాడనుకోండి. ఒక ఇంట్లో గుమ్మంలోనే చెంప ఛెళ్లుమంటుంది, కారణం ఎవరూ అడగరు. ఇంకో ఇంట్లో వాడు రాలేదన్న ధ్యాసే ఎవరికీ ఉండదు. మరో ఇంట్లో "ఏమైంది నాన్నా, ఎంత కంగారుపడ్డామో" అని కూర్చోబెట్టి అంతా వింటారు, ఆ తర్వాత "రేపు ఆటకి వెళ్లేది లేదు" అంటారు, అన్నమాట మీద ఉంటారు. శిక్ష ఇక్కడా పడింది, కానీ వాడు అమ్మానాన్నలకి దూరం కాలేదు. నా ఓటు ఈ ఇంటికే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఇల్లు. అక్కడ కొట్టరు, తిట్టరు. రెండు రోజులు మాట్లాడరు, లేదంటే "నీ కోసం ఇంత చేస్తే ఇదా నువ్విచ్చేది" అంటారు. చూసేవాళ్లకి అది క్రమశిక్షణే. పిల్లల మనసుని ఇలా గుప్పిట్లో పెట్టుకోవడానికీ డిప్రెషన్‌కీ సంబంధం పరిశోధనల్లో పదేపదే బయటపడింది. వేళకి ఇంటికి రావాలి లాంటి మామూలు రూల్స్‌ది ఆ లెక్క కాదు.

పెద్దవాళ్ల సంగతికొస్తే, ఆస్ట్రేలియా సైకియాట్రిస్ట్ గోర్డన్ పార్కర్ బృందం 1979లో 25 అంశాల ప్రశ్నావళి తయారుచేసింది. 16 ఏళ్లు వచ్చేదాకా అమ్మానాన్నలు తమతో ఎలా ఉన్నారో గుర్తుచేసుకుని జవాబివ్వాలి. ప్రేమ తక్కువ, అదుపు ఎక్కువ అన్న జవాబులు డిప్రెషన్ ఉన్నవాళ్ల దగ్గర తరచుగా కనిపించాయి. దిగులులో ఉన్న మనిషికి చేదు జ్ఞాపకాలే ముందు తడతాయి కాబట్టి ఆ జవాబుల్ని కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి.

అలాగని అమ్మానాన్నలు టెన్షన్ పడి నేరమంతా నెత్తిన వేసుకోనక్కర్లేదు. 45 అధ్యయనాలను కలిపి చూసిన 2007 నాటి విశ్లేషణలో, పిల్లల డిప్రెషన్‌లో కనిపించే తేడాల్లో పెంపకం వాటా 8 శాతమే. అందులోనూ అదుపు కంటే తిరస్కారానికే డిప్రెషన్‌తో గట్టి సంబంధం కనిపించింది. అందుకే ఏదో ఒకటి మార్చుకోవాలనుకునేవాళ్లతో నేను ఆరు గంటల రూల్ ఉంచుకోమంటాను, మాట్లాడటం మానేసే శిక్షని ఈరోజే ఆపమంటాను.