షాంఘై నైట్స్: ఫైట్లకు ఫుల్ మార్కులు, దోస్తీకి పాస్ మార్కులు

2003 ఫిబ్రవరిలో వచ్చిన ఈ సీక్వెల్ గురించి ప్రేక్షకులు ఇప్పటికీ ఒక మాట మీదకు రారు. మొదటి భాగం కంటే ఇదే బాగుందని సగం మంది అంటారు. అన్నీ పాత జోకులే, ఓపిక నశించిందని మిగతా సగం. జాకీ చాన్ ఫైట్ల కోసం కూర్చున్నవాళ్ళూ, ఓవెన్ విల్సన్ కబుర్ల కోసం కూర్చున్నవాళ్ళూ వేరువేరు కాబట్టి ఈ తగువు తెగదు. ఫైట్ల లెక్కలో ఇది 2000లో వచ్చిన ‘షాంఘై నూన్’ను దాటేసింది. ఇద్దరి మధ్య స్నేహం లెక్కలో మాత్రం దాని దరిదాపులకు కూడా రాలేదు.

కథ చిన్నది. నెవాడాలో షెరీఫ్‌గా స్థిరపడ్డ చాన్ వాంగ్‌కు (జాకీ చాన్) తండ్రి హత్యకు గురయ్యాడనే వార్త అందుతుంది. తండ్రి కాపలా కాసిన చైనా చక్రవర్తి రాజముద్రను లార్డ్ రాత్‌బోన్ అనే ఇంగ్లీషు దొర ఎత్తుకుపోయాడు. న్యూయార్క్‌లో వెయిటర్ పనిచేస్తున్న పాత దోస్తు రాయ్‌ని (ఓవెన్ విల్సన్) వెంటబెట్టుకుని వాంగ్ 1887 నాటి లండన్ చేరతాడు. చెల్లెలు లిన్ అప్పటికే అక్కడ ఉంటుంది. రాత్‌బోన్‌ది సింహాసనానికి వరసలో పదో స్థానం. పైనున్న తొమ్మిది మందినీ ఒకే దెబ్బకు లేపేయాలని అతని పథకం. అతనికి తోడు చైనా చక్రవర్తికి అక్రమ సంబంధం వల్ల పుట్టిన తమ్ముడు వు చౌ. కథకు ఇంతకు మించిన లోతు లేదు, ఉండాలని ఎవరూ అడగలేదు కూడా.

అందరూ మెచ్చుకునేది బజారు ఫైట్. లండన్ వీధి రౌడీలు చుట్టుముడితే వాంగ్ చేతికి దొరికిన సరుకుతో కాచుకుంటూ చివరికి గొడుగు దగ్గర ఆగుతాడు. అక్కడి నుంచి వెనక సంగీతం ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ బాణీలోకి జారుతుంది. ఆ 1952 సినిమాలో జీన్ కెల్లీ గొడుగు పట్టుకుని చేసిన డాన్సుకు ఇది నమస్కారం. డాన్సు తెలియకపోయినా ఈ ఫైట్ నవ్విస్తుంది, తెలిస్తే ఇంకాస్త ఎక్కువ. గొడుగును ఎంచుకోవడంలో తెలివి ఉంది. మూసి ఉంటే అది కర్ర. తెరిస్తే డాలు, పైగా అవతలివాడికి మన చేతులు ఏం చేస్తున్నాయో కనపడదు. వంకీ పిడితో మెడనో కాలినో పట్టి లాగొచ్చు. అంటే ఒకే వస్తువు ఫైట్ మధ్యలో మూడు రకాలుగా మారగలదు, కాబట్టి ఒక ఐడియా అయిపోయిందనుకునే లోపు ఇంకొకటి మొదలవుతుంది. కుర్చీ, నిచ్చెన లాంటి వాటితో జాకీ చాన్ ఏళ్ళ తరబడి చేసింది ఇదే. వస్తువును ఆయుధంగా వాడటం కంటే దాని అసలు పనిని తలకిందులు చేయడం మీద ఆయనకు మోజు ఎక్కువ.

కెమెరా పని కూడా గమనించండి. దెబ్బ కొట్టినవాడూ తిన్నవాడూ ఒకే ఫ్రేములో, తల నుంచి పాదాల దాకా కనిపిస్తారు. షాటు మొదలైన చోటు నుంచి దెబ్బ ఫలితం తెలిసేదాకా కట్ పడదు. హాంకాంగ్ పద్ధతిలో ఫైటును నాలుగైదు కదలికల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క సరిగ్గా కుదిరేదాకా మళ్ళీమళ్ళీ తీస్తారు. దానికి టైం పడుతుంది, డబ్బు పడుతుంది. హాలీవుడ్‌లో చాలాచోట్ల జరిగేది దీనికి రివర్స్: నాలుగు కెమెరాలు పెట్టి ఒకేసారి తీసేసి, ఎడిటింగ్ బల్ల మీద ముక్కలు అతుకుతారు. అప్పుడు పిడికిలి ఒక షాటులో, మొహం ఇంకో షాటులో పడుతుంది. వేగం వస్తుంది కానీ కామెడీ చచ్చిపోతుంది. కొట్టబోయి తడబడటం, తప్పించుకుని తనకే ఆశ్చర్యం కలగడం లాంటివి కట్ లేకుండా చూస్తేనే నవ్వొస్తాయి. దర్శకుడు డేవిడ్ డాబ్కిన్ ఈ సినిమాలో కెమెరాను కాస్త వెనక్కి జరిపి జాకీ టీమును పని చేసుకోనిచ్చాడు. మొదటి భాగం కన్నా ఫైట్లు పెరిగాయని జనం అనడానికి కారణం సంఖ్య కాదు, ఈ ఓపికే.

న్యూయార్క్ హోటల్లో తిరిగే తలుపు బిట్ కూడా అదే కోవలోది. పోలీసులు వెంటపడతారు, తలుపు గిర్రున తిరుగుతుంది, లోపలికి పోవాల్సినవాడు బయటికి, బయటికి పోవాల్సినవాడు లోపలికి. మూకీ సినిమాల కాలపు పోలీసు కామెడీ ఇది. పెద్ద దెబ్బలేవీ ఉండవు కాబట్టి చిన్నపిల్లలకు ఎక్కువగా నచ్చేది ఈ బిట్టే.

ఇక పెద్ద ఫిర్యాదు, అది నూటికి నూరు పాళ్ళూ న్యాయమైనది: వు చౌ పాత్ర వేసిన హాంకాంగ్ ఫైట్ల హీరో డానీ యెన్. జాకీ చాన్, డానీ యెన్ తెర మీద ఎదురెదురుగా నిలబడింది మొదటిసారి ఈ సినిమాలోనే. అప్పటికి ఒకరికి 48, ఇంకొకరికి 39. ఇద్దరి పద్ధతీ వేరు: యెన్‌ది సూటిగా, వేగంగా దిగే దెబ్బ. చాన్‌ది తప్పించుకుంటూ, చుట్టుపక్కల సామాన్లను కలుపుకుంటూ సాగే ఆట. ఈ రెండూ తగిలితే ఏమవుతుందో చూడాలని హాంకాంగ్ సినిమా అభిమానులు ఎదురుచూశారు. థేమ్స్ నది మీద బాణసంచా పడవలో ఆ ఫైట్ మొదలవుతుంది, ఊపందుకునే లోపే అయిపోతుంది. పోనీ ముగింపైనా వాంగ్ చేతిలో ఉందా అంటే అదీ లేదు, లిన్ వదిలిన బాణసంచా వు చౌ పని పడుతుంది. లిన్‌కు తండ్రి పగ తీర్చుకునే హక్కుంది నిజమే. కానీ ఆ హక్కు తీర్చడానికి ఇంతకంటే మంచి చోటు కథలో ఎక్కడైనా దొరికేది. యెన్‌ను తెచ్చి ఇంతే వాడుకోవడం స్క్రిప్టు చేసిన తప్పు, ఫైట్ డైరెక్షన్‌ది కాదు.

అసలు క్లైమాక్స్‌ను లండన్ గడియార స్తంభం మీదికి తీసుకెళ్ళి, రాత్‌బోన్‌తో కత్తియుద్ధం పెట్టారు. ఆ పాత్ర వేసిన ఐడన్ గిల్లెన్ తర్వాత ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో లిటిల్‌ఫింగర్‌గా అందరికీ తెలిశాడు. జిత్తులమారి చూపు ఇక్కడే మొదలైందని చెప్పొచ్చు. గడియారం మొహం మీద వేలాడే సన్నివేశం మూకీ కామెడీ హీరో హెరాల్డ్ లాయిడ్ 1923 సినిమా ‘సేఫ్టీ లాస్ట్’కు గుర్తు. జాకీ చాన్ ఇదే ముచ్చట 1983లో ‘ప్రాజెక్ట్ ఎ’లో తీర్చుకున్నాడు, అక్కడ నిజంగానే స్తంభం మీద నుంచి పందిళ్ళు చించుకుంటూ కిందపడ్డాడు. అది చూసినవాళ్ళకు ఇక్కడి సెట్టూ గ్రాఫిక్సూ తేలిపోయినట్టు కనిపించడంలో వింత లేదు.

కామెడీ సంగతికొస్తే, మొదటి భాగంలో అపరిచితులు ఒకరినొకరు భరించలేక భరించలేక దోస్తులయ్యారు. నవ్వంతా ఆ ఘర్షణలోంచి వచ్చింది. ఇక్కడ ఆ గొడవ ముగిసిపోయింది కాబట్టి కొత్తది కావాలి. రచయితలు రెండు తెచ్చారు. ఒకటి: తనే హీరో, వాంగ్ పక్కవాడు అన్నట్టుగా రాయ్ చవక నవలలు అచ్చేయించుకోవడం. ఇది మంచి ఐడియా, త్వరగా వదిలేశారు. రెండోది: రాయ్ లిన్ మీద మనసు పడటం, నీకు తగినవాడు కాదని అన్న చెల్లెలికి చెప్పడం, ఆ మాట రాయ్ చాటుగా వినడం. సినిమా మొత్తంలో స్నేహం నిజంగా నలిగేది ఆ ఒక్కచోటే. విల్సన్ కూడా అక్కడే వాగుడు ఆపి నటిస్తాడు. మిగతా చోట్ల అతని సోది సాగుతుంటే జాకీ ఊరికే నిలబడి ఉండటం, జాకీ కొడుతుంటే విల్సన్ పక్కకు తప్పుకోవడం. ఇద్దరూ వంతులవారీగా పనిచేస్తున్నట్టుంటుంది.

లిన్‌గా ఫాన్ వాంగ్ చురుగ్గా ఉంది. అన్న కంటే సీరియస్‌గా కొడుతుంది, చేతికందిన సామానుతో ఆటలేమీ లేకుండా.

చరిత్ర తప్పులు పట్టుకుని కోప్పడేవాళ్ళు కొందరు. చార్లీ చాప్లిన్ 1889లో పుట్టాడు, ఇక్కడ 1887లోనే జేబులు కొట్టే పిల్లాడు. జాక్ ద రిప్పర్ హత్యలు జరిగింది 1888లో, ఇక్కడ ఏడాది ముందే లిన్ చేతిలో తన్నులు తింటాడు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ డాక్టరు, ఇక్కడ స్కాట్లండ్ యార్డ్ (లండన్ పోలీసు) ఇన్‌స్పెక్టరు. ఇవన్నీ తెలిసి చేసినవే, వెనక 1960ల నాటి బ్రిటిష్ రాక్ పాటలు మోగిస్తున్నప్పుడే ఆ సంగతి అర్థం కావాలి. సరిగ్గా ఉన్నది ఒకటే: 1887 విక్టోరియా రాణి స్వర్ణోత్సవ సంవత్సరం. లండన్‌గా కనిపించేదాంట్లో చాలా భాగం మాత్రం ప్రాగ్‌లో తీశారు. వాంగ్ ‘నెవాడా మహారాజు’ వేషం కట్టే ముక్క మనవాళ్ళకు కాస్త ఎబ్బెట్టుగా అనిపించొచ్చు, నిడివి తక్కువే.

చూసేవాళ్ళకు పనికొచ్చేవి కొన్ని. నిడివి 114 నిమిషాలు. అమెరికాలో పీజీ-13 (పదమూడేళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త పడాలనే) సర్టిఫికెట్ ఇచ్చారు. రక్తం తక్కువే కానీ ఆడవాళ్ళ మీద ద్వంద్వార్థపు జోకులు, దిండ్లతో కొట్టుకునే ఒక సీను ఉన్నాయి, పదేళ్ళలోపు పిల్లలతో అయితే రిమోట్ దగ్గర పెట్టుకోవాలి. డబ్బింగ్‌లో వద్దు. విల్సన్ జోకు మాటలో కంటే సాగదీతలో ఉంటుంది, గొంతు మారితే ఏమీ మిగలదు. సబ్‌టైటిళ్ళతో ఇంగ్లీషులోనే చూడండి. మొదటి భాగం చూడకపోయినా కథ అర్థమవుతుంది, చూస్తే మాత్రం దీనిలోని స్నేహం ఇంకా పలచగా కనిపిస్తుంది. టైం లేనివాళ్ళు తిరిగే తలుపు, గొడుగు, పడవ ఫైట్లు మూడూ చూసి ఆపినా నష్టం లేదు. చివర్లో పేర్లు పడుతుంటే లేచిపోకండి, జాకీ చాన్ సినిమాల ఆనవాయితీ ప్రకారం షూటింగులో తప్పిన దెబ్బలూ, మరిచిపోయిన డైలాగులూ అక్కడే వేస్తారు.