"నాన్నగారి రివాల్వర్" అమ్మే పెద్దమనిషితో జాగ్రత్త

సెకండ్‌హ్యాండ్ వెపన్ కోసం చూస్తున్న లైసెన్సుదారులందరికీ ఈ పోస్టు. కోపం ఇంకా తగ్గలేదు, మాట కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి.

హైదరాబాద్‌లో .32 వెబ్లీ (పాత ఇంగ్లిష్ కంపెనీ) రివాల్వర్ అమ్మకానికి ఉందని అందరికీ తిరిగిన మెసేజ్ గుర్తుందిగా? "ఇంపోర్టెడ్, చాలా తక్కువ వాడకం, హోల్‌స్టర్ ఫ్రీ" అని. ఆయనే. పేరు రాయను. ఫొటోలో ఆ ఎర్ర వెల్వెట్ గుడ్డ చూస్తే మీకే తెలిసిపోతుంది.

నాది నల్గొండ. లైసెన్సు ఉంది, యూఐఎన్ (లైసెన్సుదారుకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు) ఉంది, అన్నీ సక్రమమే. 1980లలో దిగుమతులు ఆపేశాక పాత ఇంగ్లిష్ వెపన్‌కి ఏం రేటు పలుకుతోందో మీకు తెలియంది కాదు. బేరం కుదిరింది, లక్షన్నర అడ్వాన్సు వేశాను. ఆయుధ చట్టం సెక్షన్ 5 ప్రకారం అమ్మేవాడు జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గర్లోని స్టేషన్‌కో కొనేవాడి పేరూ అడ్రసూ రాసిచ్చి, 45 రోజులు ఆగాకే వెపన్ చేతులు మారాలి. "అదంతా అయిపోయింది సార్, నేను రూల్స్ మనిషిని" అంటూ లెటర్ కాపీ వాట్సాప్ చేశాడు. గడువు దాటేదాకా ఆగాను. మధ్యలో పంపిన లైసెన్సు ఫొటోలో మాత్రం హోల్డర్ ఫొటో మీద ఆయన బొటనవేలు ఉంది. పాపం, ఫోన్ పట్టుకోవడం రాదేమో అనుకున్నాను.

సీరియల్ నంబరు సరిచూసుకోవడానికి గన్ హౌస్‌లో, అంటే లైసెన్సున్న తుపాకుల షాపులో, కలుద్దామన్నాను. ఆ ఓనర్ పాతకాలం మనిషి. లైసెన్సు బుక్ తెరిచాడు, లెటర్ చూశాడు, కళ్లజోడు తీసి ఈయన వైపు తిరిగాడు. "మీ నాన్నగారు పోయి రెండేళ్లు అయింది కదయ్యా. మరి పోయిన నెల సంతకం ఎవరు పెట్టారు?"

లైసెన్సు తండ్రిది. లెటర్ మీద సంతకమూ తండ్రిదే! పైలోకం నుంచి వచ్చి పెట్టి వెళ్లినట్టున్నారు. ఆయన పోయాక వెపన్‌ని స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. ఆ పైన వారసులు లైసెన్సు ఉన్నవాళ్లకి దర్జాగా అమ్ముకోవచ్చు, చట్టం ఆ దారి ఇచ్చింది. ఈ మహానుభావుడు మాత్రం రెండేళ్లుగా బీరువాలో పెట్టుకుని కూర్చున్నాడు. లెటర్ మీద స్టేషన్ ఇన్‌వర్డ్ నంబరు (లెటర్ అందిందని వేసే నంబరు) లేదేమని అడిగితే "వాళ్లు వేయలేదు" అన్నాడు.

అక్కడితో సిగ్గుపడితే ఈ పోస్టు ఇంత పొడుగు అయ్యేది కాదు. నన్ను పక్కకి లాగి, భుజం మీద చెయ్యేసి, "వీళ్లతో మనకెందుకు సార్, వెపన్ కార్లోనే ఉంది. బ్యాలెన్స్ ఇచ్చి తీసుకెళ్లిపోండి, ఎంట్రీ తర్వాత చూసుకుందాం. కావాలంటే నాన్నగారి తూటాలు కూడా కవర్లో వేసిస్తా, నా తరఫున గిఫ్ట్" అన్నాడు. గిఫ్టట! నా లైసెన్సులో ఎక్కని రివాల్వర్, లెక్కలో లేని తూటాలు పట్టుకుని విజయవాడ హైవే మీద చెకింగ్‌లో దొరికితే? 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని ఆయుధానికి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. ఆ ఐదేళ్లూ ఈయన నాకు క్యారేజీ తెచ్చిస్తాడు కాబోలు.

కుదరదన్నాను. వెంటనే "సార్" పోయి "నువ్వు" వచ్చింది. "ధైర్యం లేనోడివి నీకు గన్ దేనికి? అడ్వాన్స్ వెనక్కిచ్చే అలవాటు మా ఇంట్లో లేదు." పది మంది ముందు. గన్ హౌస్ ఓనర్ ఉండబట్టి అక్కడ నోరు కట్టేసుకున్నాను. బయటికొచ్చి ఫోన్ చేస్తే అప్పటికే బ్లాక్.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రుజువుతో కమిషనరేట్‌లో కంప్లైంట్ ఇచ్చాను. వెపన్ సంగతి వాళ్లే చూసుకుంటారు.

కొనేవాళ్లు లెటర్ కాపీ కాదు, అక్నాలెడ్జ్‌మెంట్ చూడండి, వీలైతే ఆ స్టేషన్‌కి మీరే వెళ్లి అడగండి. ఒరిజినల్ లైసెన్సు, ఎదురుగా ఉన్న మనిషి మొహం, రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బు. ఆ ఎర్ర గుడ్డ మీద వెబ్లీ ఫొటో మళ్లీ ఎక్కడైనా కనబడితే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి, కంప్లైంట్‌కి జతచేస్తాను.