ఏడేళ్లు వాడిన చిన్న స్పెక్ట్రోమీటర్: పోరస్ సిలికాన్ కొలతకు ఎంతవరకు పనికొస్తుంది?

వెలుగును రంగులవారీగా విడదీసి కొలిచే, అరచేతిలో పట్టే నల్ల డబ్బా (అదే స్పెక్ట్రోమీటర్), ఒక హాలోజన్ దీపం, వెలుగును మోసే, రెండు కొమ్మలుగా చీలిన ఫైబరు. శ్రీకాకుళంలో మా కళాశాల ప్రయోగశాలకు ఇవి వచ్చి ఏడేళ్లయింది. ఇన్నాళ్లూ వీటితో కొలిచింది దాదాపు ఒకటే వస్తువు: హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఇథనాల్ కలిపిన ద్రవంలో కరెంటు పంపి, సూక్ష్మరంధ్రాలు తొలిచిన సిలికాన్ పలక, అంటే పోరస్ సిలికాన్. (ఆ ఆమ్లం గాజును తినేస్తుంది, చర్మాన్నీ వదలదు. టెఫ్లాన్ పాత్ర, పక్కన కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా ఆ పనికి దిగకండి.)

ఎంత వెలుగు తిరిగి వచ్చిందన్న విషయంలో ఈ పరికరం మాట నేను నమ్మను. ఫైబరు కొన వెంట్రుకవాసి కదిలినా శాతం మారిపోతుంది. కంపెనీ ఇచ్చిన స్టాండు ఊగుతుంటే, చివరికి ఊళ్లోని లేత్ షాపులో ఇత్తడితో ఒకటి చేయించుకున్నాం. కానీ శిఖరం ఏ తరంగదైర్ఘ్యం దగ్గర వచ్చిందో చెబితే మాత్రం కళ్లు మూసుకుని రాసుకుంటాను. మాకు కావలసిందీ అదే. రంధ్రాల పొర పైనుంచీ అడుగునుంచీ వెనక్కి వచ్చిన వెలుగులు కలిసి వర్ణపటంలో అలలు లేపుతాయి. పక్కపక్క శిఖరాలు 600, 650 నానోమీటర్ల దగ్గర ఉన్నాయనుకుందాం. రెండింటినీ గుణించి, తేడాతో భాగిస్తే 7800. అందులో సగం, 3900, వక్రీభవన గుణకాన్ని మందంతో గుణించిన విలువ. మందం 2.6 మైక్రాన్లయితే గుణకం 1.5. గట్టి సిలికాన్‌కు అది 3.5 పైమాటే, అంటే పొరలో ఎక్కువ భాగం గాలే.

ఈ పొర మీద ఒక చుక్క ఇథనాల్ వేసి తెర వైపు చూడండి. గాలి పోయి ద్రవం చేరగానే అలలన్నీ ఎరుపు వైపు జారిపోతాయి, ఆరగానే వెనక్కి వస్తాయి. మొదటిసారి చూసిన ఒక విద్యార్థి, "మాస్టారూ, ఇది ఊపిరి తీస్తోందండీ!" అన్నాడు. జారుడు మరీ ఎక్కువైతే ఏ శిఖరం ఏదో పోల్చుకోలేం. అందుకే ఇప్పుడు శిఖరాలు లెక్కపెట్టడం మాని, అలలన్నిటి ఎడాన్ని ఒకేసారి లెక్కగట్టే ఫూరియే పరివర్తన అనే గణిత పద్ధతి వాడుతున్నాం.

ఒక తప్పు నాది. ఓ వానాకాలం పాత నమూనాల గుణకం, మందాల గుణింతం విలువ ఉదయం ఒకలా, మధ్యాహ్నం ఒకలా వస్తుంటే పరికరాన్నే తిట్టాను, కంపెనీకి ఘాటుగా ఉత్తరం కూడా రాశాను. తీరా చూస్తే, ఆక్సీకరణ చెందిన ఆ రంధ్రాలు మన కోస్తా గాలిలోని తేమను పీల్చుకుంటున్నాయి. సిలికాజెల్ డబ్బాలో ఒక రాత్రి ఉంచితే విలువ యథాస్థానానికి వచ్చింది.

కానీ ఎరుపు వెలుగు విషయంలో తప్పు పూర్తిగా కంపెనీదే. పోరస్ సిలికాన్ మామూలు గది ఉష్ణోగ్రతలోనే ఎర్రగా వెలుగుతుందని 1990లో లీ కాన్‌హామ్ ప్రకటించాడు. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేసి మేమూ చూశాం. చీకట్లో పలక ఆరీ ఆరని నిప్పుకణికలా ఉంటుంది. వర్ణపటంలో 730 దగ్గర సన్నని శిఖరం కూడా వచ్చింది. ఏడాదిపాటు అదీ సిలికాన్ చలవే అనుకున్నాం. 365కు రెట్టింపు 730 అని ఎవరికీ తట్టలేదు. డబ్బా లోపల వెలుగును రంగులుగా విడదీసే సన్నగీతల పలక, అంటే గ్రేటింగు, టార్చి వెలుగునే రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర మరోసారి (రెండో క్రమంలో) చూపిస్తోంది. దాన్ని ఆపే ఫిల్టరు విడిగా కొనుక్కోవాలని అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. ఫైబరు ముందు పసుపు గాజుముక్క పెట్టగానే ఆ శిఖరం మాయం.

మిగతావి చిన్నవి. దీపం వెలిగించి ఇరవై నిమిషాలు ఆగాలి. 450 కంటే తక్కువలో గీత గజిబిజిగా ఉంటుంది. మే నెలలో ఏసీ లేకపోతే డిటెక్టరు వేడెక్కి, వెలుగే లేనప్పుడు చూపే చీకటి కొలతే పెరిగిపోతుంది. రెండు దీపాలు మార్చాం, డబ్బా మాత్రం ఇంతవరకు మొరాయించలేదు. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను, ఫిల్టరు లోపలే బిగించి పంపమని ఆర్డరులో రాయించి మరీ.