సిరొంచ అడవి అంచున సోలార్ ఝట్కా యంత్రం: ఒక సమీక్ష

ఊరికి ఎడంగా, అడవి పక్కన పశువులతో కాపురం పెట్టేవారు ఇంట్లో సామాను సర్దుకోవడానికి ముందే కొనవలసిన వస్తువు, కంచె తీగలోకి కరెంటు దెబ్బలు పంపి జంతువులను తరిమే సోలార్ ఝట్కా యంత్రమని నా అభిప్రాయం. అయితే దుకాణంలో ఆ పేరుతో అమ్మే పెట్టె కంచెలో ఒక భాగం మాత్రమే. అది పనిచేయడం, చేయకపోవడం ఎక్కువగా నేలలోకి దిగే లోహపు కడ్డీల (ఎర్త్ రాడ్ల) మీద, తీగ కింద మొలిచే గడ్డి మీద ఆధారపడి ఉంటుంది. అమ్మేవారు ఈ రెండింటి మాటా ఎత్తరు.

మా కొత్త ఇల్లు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ఊరి పొలాలు ముగిసి టేకు అడవి మొదలయ్యే చోట ఉంది. ఇంటి వెనుక ఆవుల కొట్టం, మేకల దొడ్డి, ముందు మిరప చేను. కేక వేస్తే పలికేంత దగ్గరలో మరో ఇల్లు లేదు. రాత్రయితే అడవి పందులు చేనులోకి దిగుతాయి, దుప్పులు, మనుబోతులు వస్తాయి, మేకల వాసనకు చిరుత కూడా తిరుగుతుంది. కుక్కలు, టార్చిలైట్లు, డబ్బాల చప్పుడు కొద్ది రోజులే భయపెడతాయి. అందువల్ల చంద్రపూర్‌లోని ఒక దుకాణం నుంచి 12 వోల్టుల యంత్రం, 40 వాట్ల ప్యానెల్, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, సైరన్ కలిపి 11,500 రూపాయలకు తెచ్చుకున్నాము. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగ, ఇన్సులేటర్లు, సిమెంటు కడీలు, కూలి వేరు. వాటన్నిటి ఖర్చు యంత్రం ధరకు రెట్టింపు దాటింది కనుక, కొనేవారు పెట్టె ధర ఒక్కటే చూసి లెక్క వేసుకోకూడదు.

యంత్రం సుమారు సెకనుకు ఒకసారి, వేల వోల్టుల దెబ్బను కన్నుమూసి తెరిచేంత సమయం కూడా లేకుండా తీగలోకి పంపుతుంది. నేల మీద నిలబడిన జంతువు తీగను తాకితే కరెంటు దాని ఒంట్లోంచి నేలలోకి దిగి, నేల గుండా ఎర్త్ రాడ్డును చేరి, యంత్రానికి తిరిగి రావాలి. ఆ తిరుగు దారి సరిగా లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఉత్త పెట్టెగా మిగులుతుంది. మాకు బిగించడానికి వచ్చిన మనిషి ఒకే ఒక్క రాడ్డు, అదీ మూడడుగులది, ఎండిన నేలలో కొట్టి వెళ్లిపోయాడు. యంత్రం దగ్గర 8,000 వోల్టులు చూపిన మీటరు కంచె చివర 3,000 కూడా చూపలేదు. ఆవులకు 3,000 వోల్టులు సరిపోవచ్చు గాని, ఒత్తయిన వెంట్రుకలున్న మేకలకు, మొండి పందులకు 4,000 పైన ఉండాలి. తరువాత ఆరడుగుల రాడ్లు మూడింటిని, ఒకదానికొకటి పదడుగుల ఎడంతో, కొట్టం నీళ్లు పారే తడి నేలలో దింపి, మూడింటినీ ఒకే తీగతో బిగించి కలిపాము. అప్పుడు కంచె చివర మీటరు 5,000 దాటి చూపింది. ఇంటి మీటరు ఎర్తుకు ఈ రాడ్లు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలన్నది తప్పక పాటించవలసిన నియమం.

ఎర్తింగ్ చాలిందో లేదో చూడటానికి సులువైన పరీక్ష ఉంది. యంత్రానికి వంద మీటర్ల అవతల తీగకు ఇనుప కడ్డీలు ఆనించి నేలకు కలిపి, కంచె వోల్టేజి 2,000 కంటే దిగువకు పడిపోయేట్లు చేసి, అప్పుడు ఎర్త్ రాడ్డుకు, దానికి కాస్త దూరంలోని నేలకు మధ్య మీటరు పెట్టాలి. 300 వోల్టులు దాటితే ఇంకో రాడ్డు కావాలి. వేసవిలో ఇక్కడి నేల ఎండి బీటలు వారుతుంది కనుక రాడ్ల మొదట్లో నీళ్లు పోయవలసిందే. లేదా తీగల్లో ఒకటి విడిచి ఒకటి ఎర్తుకు కలపాలి.

తీగల ఎత్తు విషయంలో అడవి పందినే దృష్టిలో పెట్టుకోవాలి. అన్నిటికంటే కింది తీగ నేలకు తొమ్మిది అంగుళాలు దాటితే అది కింది నుంచి దూరిపోతుంది; ఆ ఎత్తులోనే ఉంటే తడి ముట్టె ముందుగా తగిలి వెనుదిరుగుతుంది. ఈ పనిలో యంత్రానికి పూర్తి మార్కులు ఇస్తాను. దుప్పులు ఎగిరి దూకుతాయి, కోతులు కడీల మీదుగా వస్తాయి, వాటిని ఇది ఆపదు. 2021లో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి జిల్లాలోకి ఏనుగులు వచ్చాయి కనుక వాటి గురించి కూడా అడుగుతున్నారు. కరెంటు పారని దంతాలతో తీగను తెంపే జంతువుకు ఈ కంచె చాలదు.

బ్యాటరీ మాత్రం నాసి. యంత్రం గంటకు 0.3 ఆంపియర్ అవర్లు తీసుకుంటుంది కనుక, మబ్బు పట్టి ప్యానెల్ పనిచేయని రోజు 24 గంటల్లో 7 ఆంపియర్ అవర్లూ అయిపోతాయి. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు పట్టడం మామూలే. అసలు పంటకు కాపలా అవసరమైన రోజుల్లోనే కంచె చచ్చిపోతే ఎందుకు? మేము 26 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వేసుకున్నాము. అదే వానల్లో గడ్డి తీగను తాకి కరెంటును నేలకు దింపేస్తుంది కాబట్టి, కంచె వెంట కొడవలి పట్టుకుని తిరిగే పని వారం వారం ఉంటుంది. ఈ మాట ఏ ప్రకటనలోనూ కనబడదు.

భద్రత గురించి ఖండితంగా చెప్పాలి. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 60335-2-76 ప్రమాణం ప్రకారం 500 ఓంల నిరోధం వద్ద ఒక్కో దెబ్బ శక్తి 5 జౌల్స్ మించకూడదు. ఆ ప్రమాణం గుర్తు లేని చౌక యంత్రాన్ని, పిల్లలు తిరిగే ఇంటికి, తేవద్దు. ముళ్లతీగలో ఈ కరెంటు పెట్టకూడదు, ఎందుకంటే చిక్కుకున్న ప్రాణి విడిపించుకోలేదు. ఇక స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి చేను చుట్టూ నేరుగా కరెంటు పెట్టడం హత్యతో సమానం. అందులో పందులే కాదు, పులులు, మనుషులు కూడా చనిపోతున్నారు. అది విద్యుత్ చట్టం, 2003 కింద దొంగతనం, వన్యప్రాణి చనిపోతే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద కూడా నేరం. హెచ్చరిక బోర్డులను మరాఠీలోను, తెలుగులోను రాయించాము. చదవలేని కూలీల కోసం బొమ్మ కూడా వేయించాము.

అడవి అంచు గ్రామాల రైతులకు మహారాష్ట్ర అటవీ శాఖ డాక్టర్ శ్యామాప్రసాద్ ముఖర్జీ జన వన వికాస యోజన కింద సోలార్ కంచెకు రాయితీ ఇస్తుంది కనుక, కొనే ముందే రేంజి కార్యాలయంలో విచారించడం మంచిది. దుకాణం సేవకు ఐదింటిలో రెండు, యంత్రానికి నాలుగు ఇస్తున్నాను. ఏడాది వారంటీ పిడుగుకు వర్తించదని కార్డు వెనుక చిన్న అక్షరాల్లో ఉంది. మరమ్మతుకు పెట్టెను చంద్రపూర్ దాకా పంపవలసి వస్తుంది కాబట్టి, ఉరుములు వినబడగానే కంచె తీగను యంత్రం నుంచి ఊడదీయాలి. ఆ రాత్రికి మేకలను కొట్టం లోపలే కట్టేయాలి.