ఒకే హాలు, మూడు రంగులు: ఒక పెయింటింగ్ సర్వీసు సమీక్ష

హైదరాబాదులో ఇటీవల కడుతున్న చాలా అపార్టుమెంట్లలో గుమ్మం దాటగానే హాలు, దాని వెంటే డైనింగు, ఆ చివర వంటిల్లు, మధ్యలో అడ్డుగోడ లేకుండా ఒకే పొడవాటి గదిలా కనిపిస్తాయి. ఇలాంటి ఇంటికి రెండు మూడు రంగులు వేయించాలనుకునేవారికి రంగుల ఎంపిక కంటే ఏ రంగు ఎక్కడ ఆగాలన్నదే పెద్ద చిక్కు. మియాపూర్‌లోని మా ఫ్లాటుకు, రంగుల సలహా మొదలుకొని కొలతలు, లప్పం, చివరి కోటు, ఇల్లు తుడిచి అప్పగించడం దాకా అన్నీ తామే చూసుకుంటామని చెప్పే ఒక పెయింటింగ్ సర్వీసును పెట్టుకున్నాం. వారి చేతిపనికి ఐదుకు నాలుగున్నర మార్కులు ఇస్తాను. రంగుల సలహాకు మాత్రం రెండుకు మించి ఇవ్వలేను.

సలహాదారు ట్యాబుతో హాలును ఫొటో తీసి, దాని మీదే షేడ్లు మార్చి మార్చి చూపించారు. హాలుకు మీగడ తెలుపు, డైనింగుకు ఇటుక రంగు, వంటింటికి లేత ఆకుపచ్చ అని నిర్ణయించాం. ఏ దిక్కుకు ఏ రంగు వేయాలో వాస్తు ప్రకారం సూచించే మెనూ కూడా అందులో ఉంది గాని, ఈశాన్యం అని నొక్కినా నైరుతి అని నొక్కినా అదే పసుపు రావడంతో దాన్ని పక్కన పెట్టేశాం. ట్యాబులోని బొమ్మ ఒక్కో గోడను విడివిడిగా చూపిస్తుంది, సోఫాలో కూర్చున్న మనిషి మాత్రం మూడు రంగులనూ ఒకే చూపులో చూస్తాడు. కాబట్టి మూడింటిలోనూ ఒకే ఛాయ, అంటే పసుపు వైపు మొగ్గే వెచ్చదనం గాని, నీలం వైపు మొగ్గే చల్లదనం గాని ఉండాలి. ఈ సంగతి సలహాదారు చెప్పలేదు. ఆయన చూపించిన ఆకుపచ్చలో నీలం పాలు ఎక్కువగా ఉండటం షేడ్ కార్డును మీగడ తెలుపు పక్కన పెట్టి చూస్తే గాని తెలియలేదు. పసుపు కలిసిన మరో ఆకుపచ్చను ఎంచుకున్నాక మూడూ పొంతన కుదిరాయి.

హద్దుల విషయంలో మేస్త్రీకి ఎన్ని మార్కులు ఇచ్చినా తక్కువే. మా ఇంట్లో గుమ్మం నుంచి వంటింటి గట్టు దాకా ఒకే గోడ సాగుతుంది. ట్యాబులో మాత్రం ఆ గోడ నడిమధ్యన, డైనింగు టేబుల్ మొదలయ్యే చోట, మీగడ తెలుపు ఆగిపోయి ఇటుక రంగు మొదలైంది. మేస్త్రీ దాన్ని చూడగానే ఒప్పుకోలేదు. రంగు మారితే లోపలి మూలలో మారాలి, లేదంటే బీము దగ్గరో తలుపు చట్రం దగ్గరో మారాలి, సాదా గోడ మధ్యలో మారితే పని సగంలో ఆపేసినట్టుంటుందని ఆయన వాదన. లోపలి మూలలో రెండు గోడల మీద వెలుతురు ఎలాగూ వేరుగా పడుతుంది కనుక అక్కడి రంగు మార్పు కంటికి సహజంగా తోస్తుంది. బయటికి పొడుచుకు వచ్చిన మూలలో అయితే ఏ పక్క నుంచి చూసినా రెండో రంగు అంచు సన్నని చారలా తొంగిచూస్తుంది, పైగా కుర్చీలూ సంచులూ తగిలి ముందుగా పెచ్చు లేచేది ఆ అంచే. చివరకు పొడవు గోడ మొత్తానికీ మీగడ తెలుపే ఉంచి, ఇటుక రంగును డైనింగు వెనక అడ్డంగా ఉన్న గోడకు పరిమితం చేశాం. హాలుకూ డైనింగుకూ మధ్య దిగిన బీము అడుగుభాగానికి సీలింగు తెలుపే వేయించాం. గోడ రంగు వేస్తే బీము ఇంకా కిందికి దిగినట్టు కనిపించేది.

సలహా పూర్తిగా విఫలమైంది వెలుతురు విషయంలో. ప్రతి షేడుకూ అది వెలుతురును ఎంత శాతం తిరిగి పంపుతుందో చెప్పే ఎల్‌ఆర్‌వి అనే అంకె ఉంటుంది. నలుపుకు 0, తెలుపుకు 100 అనుకుంటే మిగిలినవన్నీ ఆ మధ్యలో పడతాయి. బాల్కనీ పడమరకు ఉన్న మా హాలులో మధ్యాహ్నం దాకా మామూలు వెలుతురు, సాయంత్రం ఎర్రటి ఎండ; డైనింగులో కిటికీయే లేదు, పగలు కూడా లైటు వేయాల్సిందే. ఎల్‌ఆర్‌వి తక్కువ ఉన్న ముదురు రంగును అలాంటి మూలలో పెట్టేముందు, ఆ మూల ఇంకా చీకటిగా కనిపిస్తుందని చెప్పాలి. సలహాదారు ఉదయం పూట వచ్చి, ఉదయపు వెలుతురులోనే అన్నీ తేల్చేసి వెళ్లారు. ఇంట్లో ఏ బల్బులు ఉన్నాయని కూడా అడగలేదు. 6500 కెల్విన్ తెల్లటి ఎల్‌ఈడీ కింద ఇటుక రంగు వన్నె తగ్గి మట్టిబారినట్టు, 3000 కెల్విన్ వెచ్చని బల్బు కింద నిండుగా కనిపిస్తుంది. రంగు మార్చకుండా డైనింగులో బల్బులు మార్చి సరిచేసుకోగలిగాం. శాంపిల్ డబ్బాలు తెప్పించి, డ్రాయింగు అట్టల మీద రెండేసి కోట్లు వేసి, వాటిని ఉదయం ఒక గోడ దగ్గర, రాత్రి మరో గోడ దగ్గర పెట్టి చూసుకోవడం ట్యాబు బొమ్మల కంటే ఎంతో నమ్మదగిన పద్ధతి. ఈ సర్వీసులో ఆ డబ్బాలకు వేరే ధర కట్టాలి, అడిగితే తప్ప ఇవ్వరు.

ముదురు రంగులన్నీ ఒకేలా కప్పవు. డైనింగుకు మొదట సూచించిన కాంతివంతమైన ఎరుపు లాంటి షేడ్లలో కింది పొర కనబడకుండా చేసే గుణం తక్కువ. వాటికి మూడు నాలుగు కోట్లు పట్టవచ్చు. ఇటుక రంగు ఐరన్ ఆక్సైడ్ నుంచి వస్తుంది. మన ఊళ్లలో అరుగులకు పూసే జాజులో ఉన్నదీ అదే. అది బాగా కప్పుతుంది, ఎండకు తొందరగా వెలవదు. మా గోడకు రెండు కోట్లు సరిపోయాయి. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గోడకు రెండు కోట్లకు మంచి ఎమల్షన్ సుమారు లీటరు పడుతుంది కనుక, ఒక్క గోడకు వేరే రంగు పెడితే పెయింటు ఖర్చు పెద్దగా పెరగదు. పెరిగేది టేపు అంటించడానికి, అంచులు తీయడానికి పట్టే కూలి.

వంటింటి దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. పోపు చిందులూ పసుపు మరకలూ తుడవడానికి వీలుగా అక్కడ కాస్త మెరుపుండే శాటిన్ ఫినిషు, హాలులో మెరుపు లేని మాట్ ఫినిషు అనుకున్నాం. పొడవు గోడ రెండు భాగాలకూ ఒకటే కాబట్టి, ఒకే షేడు నంబరు వేసినా మాట్ ఆగి శాటిన్ మొదలైన చోట రెండు వేర్వేరు రంగుల్లా కనిపించేది. ఇది కూడా మేస్త్రీయే ముందుగా పట్టుకుని, ఆ గోడ మొత్తానికీ శాటినే వేయమన్నారు. శాటిన్ గోడ లోపాలను దాచదు కనుక లప్పం తర్వాత ఉప్పుకాగితంతో రుద్దే పని రెట్టింపయింది. రుద్దడానికి మెషీన్ వాడటం వల్ల దుమ్ము మాత్రం తక్కువ.

మిగతా పనిలో వంక పెట్టడానికి లేదు. మాస్కింగ్ టేపును రంగు పూర్తిగా ఎండకముందే లాగారు, అందువల్ల అంచులు గీత గీసినట్టు వచ్చాయి. ఒకే షేడు డబ్బాలన్నీ పెద్ద బకెట్‌లో కలిపి వాడారు. ఎందుకంటే షేడును మెషీన్‌తో తయారుచేసినా డబ్బాకూ డబ్బాకూ కొద్దిపాటి తేడా ఉంటుంది.

కొటేషన్‌లో చదరపు అడుగు లెక్క నేలది కాదు, గోడలది. లేజరుతో కొలిచారు, తలుపులూ కిటికీలూ లెక్కలోంచి తీసేశారు. అయితే 'షేడ్ మార్పు' అనే పద్దును రంగుకు ఒకసారి కాక గోడకు ఒకసారి వేశారు, అడిగాక తగ్గించారు. కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ పద్దు చూసుకోవాలి. వారంటీ పెచ్చులు ఊడటానికీ పొంగడానికీ వర్తిస్తుంది, రంగు నచ్చకపోవడానికి వర్తించదు. మిగిలిన పెయింటును మూడు చిన్న డబ్బాల్లో పోసి, షేడు నంబరూ ఫినిషూ మూతల మీద రాసి ఇచ్చారు, టచప్‌లకు అవే వాడుతున్నాం.