దూకుడు గుర్రానికి ఏది మేలు: గట్టి కళ్ళెమా, నేచురల్ హార్స్‌మన్‌షిప్పా, క్యారెట్టా?

హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగు మానేసిన థరోబ్రెడ్ గుర్రాల్లో కొన్ని శివార్లలోని రైడింగ్ స్కూళ్ళకు చేరతాయి. కొన్ని సొంత గుర్రం కావాలనుకునేవాళ్ళ చేతికొస్తాయి. చూడ్డానికి కళ్ళు తిప్పుకోలేం. ఎక్కాకే అసలు సంగతి తెలుస్తుంది. ఆపుదామని పగ్గాలు లాగితే ఇంకా వేగం పెంచుతాయి. ‘పొగరుబోతు గుర్రం సార్’ అని సాయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) ఒక్క మాటలో తేల్చేస్తాడు.

నిజానికి అది తనకు నేర్పిందే చేస్తోంది. రేసు గుర్రానికి రెండేళ్ళ వయసు నుంచే, జాకీ బిగబట్టిన పగ్గాల మీద బరువు ఆన్చి పరుగెత్తడం అలవాటు చేస్తారు. జాకీని ఎవరో కాలు పట్టి పైకెత్తుతారు, గుర్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే మనం ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడాలన్న సంగతి దానికి తెలియదు. కాలితో నొక్కితే పక్కకు జరగాలనీ తెలియదు. కాబట్టి దీన్ని లొంగదీయడం కన్నా మళ్ళీ మొదటి నుంచి నేర్పడమే అసలు పని. ఆ పనికి పనికొచ్చే పద్ధతి ఏదన్నదే ఇక్కడి ప్రశ్న.

‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న సామెతను మన దగ్గర చాలామంది కొరడా వైపే అర్థం చేసుకున్నారు. గట్టి కళ్ళెం వేయి, పొడవాటి తాడు కట్టి అలిసిపోయేదాకా గుండ్రంగా తిప్పు, ఆ తర్వాత ఎక్కు. ఆ పూటకు ఇది పనిచేస్తుంది, కాదనను. కానీ రోజూ అరగంట పరుగెత్తించిన గుర్రానికి దమ్ము పెరుగుతుందే గానీ బుద్ధి మారదు. నెల తిరిగేసరికి అరగంట చాలదు, ముప్పావుగంట కావాలి. కళ్ళెం సంగతి ఇంకా ఘోరం. అది ఆనుకునేది దంతాల మధ్య ఖాళీలో, ఎముక మీద పల్చటి చర్మం మాత్రమే ఉన్నచోట. నొప్పి పుడితే గుర్రానికి తోచేది పారిపోవడమే. ఇక ముళ్ళ కళ్ళెం గురించి చర్చే అక్కర్లేదు. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం చేసిన 1965 నాటి కేంద్ర నిబంధనలే దాన్ని వద్దన్నాయి. అయినా బరాత్ (పెళ్ళి ఊరేగింపు) గుర్రాల నోట్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

అలాగని రైడింగ్ స్కూల్ చదువునంతా ఈ గాటనే కట్టడం అన్యాయం. మంచి స్కూల్‌లో మొదట నేర్పేది జీను మీద కుదురుగా కూర్చోవడం, పగ్గాల మీద వేలాడకుండా ఉండటం. ఆ కూర్చోవడం రానివాళ్ళు ఏ పద్ధతి పట్టుకున్నా గుర్రం వీపుకు శిక్షే.

నేచురల్ హార్స్‌మన్‌షిప్ అనే పద్ధతి అమెరికా పశ్చిమ ప్రాంతపు పశువుల కాపరుల నుంచి వచ్చింది. టామ్ డారెన్స్ (1910–2003), ఆయన దగ్గర నేర్చుకున్న రే హంట్ (1929–2009) దీనికి పెద్దదిక్కులు. సూత్రం చిన్నది: కొద్దిగా ఒత్తిడి పెట్టు, గుర్రం సరైన వైపు ఆలోచించగానే వదిలెయ్. గుర్రానికి పాఠం అందేది ఒత్తిడిలో కాదు, ఆ వదలడంలో. వదలడం రెండు క్షణాలు ఆలస్యమైతే పాఠం మారిపోతుంది.

ఎక్కడానికి ముందు నేల మీదే చాలా పని జరుగుతుంది. నోట్లో ఏమీ లేకుండా తలకు తొడిగే తాడు కట్టు (హాల్టర్), పన్నెండడుగుల తాడు చాలు. వెనక్కి నడిపించడం, ముందు కాళ్ళు పక్కకు వేయించడం, అన్నిటికన్నా ముఖ్యంగా వెనక కాళ్ళు ఒకదాని ముందు ఒకటి దాటేలా నడుము తిప్పించడం. గుర్రానికి ఇంజిన్ వెనకే ఉంటుంది. వెనక కాళ్ళు అడ్డంగా దాటుతుంటే ముందుకు దూకే బలం పోతుంది. పైకెక్కాక కూడా ఇదే బ్రేకు. రేసు గుర్రం రెండు పగ్గాలూ లాగితే వాటి మీదే ఆనుకుంటుంది. ఒక్క పగ్గాన్ని మెల్లగా మోకాలి వైపు తెచ్చి తల తిప్పితే ఆనుకోవడానికి ఏమీ మిగలదు, నడుము తిరిగి ఆగుతుంది. ఇది నడకలో వందసార్లు చేసి అలవాటు పడ్డాకే. దౌడులో హఠాత్తుగా తల తిప్పితే గుర్రమూ మనమూ కలిసి పడతాం.

రెండు పద్ధతుల తేడా బాగా బయటపడేది భయం దగ్గర. గాలికి టపటపలాడే ఫ్లెక్సీ, బుల్లెట్ బండి సైలెన్సర్, ఎక్కడో పేలే పటాకులు: హైదరాబాద్‌లో గుర్రం బెదరడానికి కారణాలకు కొదవలేదు. పాత పద్ధతిలో కట్టేసి, అది అలిసి ఊరుకునేదాకా చప్పుడు చేస్తారు. మర్ఫా డప్పులు మోగుతున్నా కదలని బరాత్ గుర్రాన్ని మనం మెచ్చుకుంటాం. కానీ వాటిలో కొన్ని తప్పించుకునే ఆశ వదులుకుని నిలబడినవే. దవడ, కళ్ళ చుట్టూ బిగిసిన కండరాలు చూస్తే తెలుస్తుంది. రెండో పద్ధతిలో కర్రకు ప్లాస్టిక్ కవర్ కట్టి, గుర్రం తట్టుకోగలిగినంత దూరంలో ఊపుతారు. అది నిలబడి తల దించగానే కవర్ వెనక్కి తీస్తారు. గంతులేస్తుండగా తీశారో, గంతులేస్తే కవర్ పోతుందని నేర్చుకుంటుంది. ఇది కుడివైపు, ఎడమవైపు రెండిటా చేయాలి. రేసు గుర్రాన్ని ఎప్పుడూ ఎడమవైపు నుంచే పట్టుకుంటారు కాబట్టి కుడివైపు దానికి కొత్త ఊరే.

ఈ పద్ధతి చుట్టూ అల్లిన కథలు మాత్రం నాకు నచ్చవు. గుండ్రటి దొడ్లో గుర్రాన్ని తరిమి, అది చివరికి మన వెనక నడిస్తే ‘నన్ను మందకు నాయకుడిగా ఒప్పుకుంది’ అంటారు. 2012లో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు రిమోట్ కంట్రోల్ కారుతో ఇదే పని చేయించారు. గుర్రాలు ఆ కారు దగ్గరికీ వచ్చాయి. బొమ్మకారును ఏ గుర్రమూ నాయకుడనుకోదు గదా! తరమడం ఆగింది కాబట్టి దగ్గరికొచ్చాయి, అంతే. పైగా మన ఏప్రిల్, మే ఎండల్లో గట్టి నేల మీద అలా తరమడం గుర్రానికి హింస.

క్యారెట్, బెల్లం ముక్క ఇచ్చి నేర్పడం మూడో దారి. ఇంజెక్షన్‌కు బెదిరే గుర్రానికి, డెక్కలు శుభ్రం చేయనివ్వనిదానికి, ట్రక్ ఎక్కనని మొరాయించేదానికి దీనంత మంచిది లేదు. ఒకటే షరతు, గుర్రం మన జేబులు వెతకడం మొదలుపెడితే ఇవ్వకూడదు, లేకపోతే కొరకడం అలవాటవుతుంది. దౌడులో ఉన్న గుర్రానికి మాత్రం పైనుంచి క్యారెట్ అందించలేం.

నా ఓటు నేల మీద పనికి నేచురల్ హార్స్‌మన్‌షిప్‌కు, జీను మీద కూర్చోవడానికి స్కూల్‌కు. కానీ మొయినాబాద్ వైపు ఎక్కడో గుర్రాన్ని నెలవారీ డబ్బుకు ఉంచి, ఆదివారాలు వెళ్ళేవాళ్ళు ఒకటి గమనించాలి. మిగతా వారమంతా దానికి పాఠం చెప్పేది సాయీసు. మీరు తాడు వదులుగా పట్టుకుని నడిపించిన గుర్రాన్ని ఆయన మూతి మీద గుంజుతూ నీళ్ళకు తీసుకెళ్తే మీ పాఠం నిలవదు. ఆయన్ని కూర్చోబెట్టి, గౌరవంగా, ఏది ఎందుకో చెప్పండి. గుర్రాల మధ్యే పెరిగినవాళ్ళు కాబట్టి వదిలే క్షణాన్ని మనకన్నా త్వరగా పట్టేస్తారు.

మేత మాట కూడా ఆయనతోనే తేల్చుకోవాలి. రేసుల నాటి ఓట్స్, శనగలు అలాగే పెడుతూ రోజంతా కొట్టంలో కట్టేస్తే ఏ పద్ధతీ నిలబడదు. గుర్రం కడుపులో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో పుండ్లు పడి చిరాకు పెరుగుతుంది. 450 కిలోల గుర్రానికి రోజుకు కనీసం ఏడు కిలోల ఎండుగడ్డి పడాలి, దాణా తగ్గించాలి, కాసేపు విడిచిపెట్టి తిరగనివ్వాలి. నిన్నటిదాకా బాగున్న గుర్రం ఉన్నట్టుండి గంతులేస్తుంటే ముందు వెటర్నరీ డాక్టర్‌తో పళ్ళు, వీపు చూపించండి. జీను సరిపోతుందో లేదో చూడండి.

ఇంతవరకూ గుర్రమే ఎక్కనివాళ్ళు మాత్రం చవగ్గా వస్తోందని రేసు గుర్రాన్ని కొనకండి. ముందు ఒక ఏడాది, హెల్మెట్ పెట్టుకుని, ఏదైనా స్కూల్‌లోని ముసలి గుర్రం మీద తిరగండి.