ఆ లోతు రీఫ్ ట్రిప్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

మధ్యాహ్నమే పడవ దిగాను. చేతుల వణుకు ఇంకా తగ్గలేదు. అయినా ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే రేపు పొద్దున్న అదే పడవలో ఇంకో బ్యాచ్ వెళ్తోంది. లోతు రీఫ్‌లకి (సముద్రంలోని పగడపు దిబ్బలకి) డైవింగ్‌కి తిరిగేవాళ్లకి ఎవరి గురించి చెబుతున్నానో అర్థమైపోతుంది. మిగతావాళ్లు వెళ్లని చోట్లకి మేం తీసుకెళ్తాం అని పెద్దపెద్ద అక్షరాలతో రాసుకునేవాళ్లే. పేరు మాత్రం రాయను.

మూడు డైవ్‌లకి మొత్తం డబ్బు ముందే కట్టించుకున్నారు. గైడ్‌కి నలుగురే అన్నారు, లోతు 28 మీటర్లు దాటదన్నారు. నా డైవింగ్ అర్హత కార్డు 30 మీటర్ల దాకానే, అది వాళ్లకి పంపించాను కూడా. తీరా ఎక్కాక చూస్తే తొమ్మిది మందిమి, గైడ్ ఒక్కడే. అప్పుడే దిగిపోవాల్సింది. ఆ రీఫ్ గోడని చూడాలని ఎన్నాళ్లనుంచో ఉంది, అందుకే నోరు మెదపలేదు. ఆ తప్పు నాదే.

అసలు సంగతి వాల్వ్ దగ్గర మొదలైంది. నా రెగ్యులేటర్, అంటే సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే పరికరం, నేనే బిగించుకున్నాను. సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరిచి, సిలిండర్‌లో గాలి పీడనం చూపే గేజ్ చూస్తూ నాలుగుసార్లు గాలి పీల్చాను. 200 బార్ (పీడనం కొలత) దగ్గర ముల్లు కదలకుండా నిలబడింది. తర్వాత అన్నీ తగిలించుకుని పడవ అంచున నిలబడ్డాను. దూకబోతుంటే సాయం చేసే కుర్రాడు వెనకనుంచి వచ్చి నా వాల్వ్ పట్టుకుని గిరగిరా తిప్పి, చివర్లో కొంచెం వెనక్కి తిప్పి, భుజం తట్టాడు. తెరిచి ఉందో లేదో చూశాడనుకున్నాను. నిజానికి తెరిచి ఉన్నదాన్ని పూర్తిగా మూసేసి, ఓ పావు చుట్టు మాత్రం తెరిచాడు. పైన ఉన్నప్పుడు ఆ సందులోంచి వచ్చే గాలి సరిపోతుంది, తేడా ఏమీ తెలియదు. తెలిసేది లోతుకి వెళ్లాకే.

గోడ అంచు 12 మీటర్ల దగ్గర ఉంది, అక్కడినుంచి నిట్టనిలువుగా కిందికే. 28 దగ్గర గైడ్ ఆగలేదు. నా డైవ్ కంప్యూటర్‌లో లోతు 31, 33 కనబడుతున్నా నేనూ వెనకే వెళ్లాను. గాలి పీల్చడం కష్టంగా ఉంది. ప్రవాహానికి ఎదురు ఈదుతున్నాను కదా, ఆయాసం అనుకున్నాను. 36 మీటర్ల దగ్గర ఒక శ్వాస సగంలో ఆగిపోయింది. సన్నటి గొట్టాన్ని ఎవరో వేళ్లతో నొక్కిపట్టినట్టు. గేజ్ చూశాను. 150. మళ్లీ పీల్చాను, నా కళ్లముందే ముల్లు 40కి పడిపోయింది. పీల్చడం ఆపితే మెల్లగా పాకి మళ్లీ 150కి వచ్చింది. ఇంకోసారి పీలిస్తే 30.

36 మీటర్లలో పీడనం పైనున్నదానికి 4.6 రెట్లు. అంటే ఒక్కో శ్వాసకి సిలిండర్‌లోంచి అన్ని రెట్లు ఎక్కువ గాలి రావాలి. పావు చుట్టు సందులోంచి అంత గాలి ఎలా వస్తుంది? ముల్లు అలా ఊగిందంటే వాల్వ్ సరిగా తెరుచుకోలేదని పుస్తకంలో చదువుకున్నదే. కానీ 30 మీటర్లు దాటాక నైట్రోజన్ మత్తు బుర్రని మందగించేలా చేస్తుంది. ముల్లుని చూస్తూ ఉండిపోయాను తప్ప చెయ్యి వెనక్కి పెట్టాలని తట్టనే లేదు.

గైడ్ నాకు మూడు మీటర్ల ముందున్నాడు. కెమెరాలున్న ఇద్దరికి రాతి చూరు కింద టార్చ్ వేసి ఏదో చూపిస్తున్నాడు. వెళ్లి మోచెయ్యి పట్టుకున్నాను. గొంతు మీద చేతిని అడ్డంగా లాగాను. గాలి లేదు అని. డైవింగ్ నేర్చుకున్న మొదటి రోజు నేర్పే గుర్తు ఇది. అది చూపిస్తే ఎదుటివాడు ముందు గాలి ఇవ్వాలి, ప్రశ్నలన్నీ తర్వాత.

అతను గాలి ఇవ్వలేదు. నా గేజ్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ క్షణం నేను శ్వాస తీసుకోవడం లేదు, తీసుకోలేకపోతున్నాను. కాబట్టి ముల్లు 150 మీద ఉంది. టార్చ్ మొనతో గేజ్ అద్దం మీద రెండుసార్లు టక్ టక్ అని కొట్టి 150 చూపించాడు. వేళ్లతో ఓకే అని చూపించి అటు తిరిగాడు. నేను మళ్లీ చెయ్యి పట్టుకున్నాను. ఈసారి నా వేళ్లని ఒక్కొక్కటిగా విడదీశాడు. ముందు చిటికెన వేలు, తర్వాత ఉంగరం వేలు. కంగారేమీ పడకుండా, బట్టకి అంటుకున్న ముల్లుని తీసేసినట్టు తీశాడు. మాస్క్ వెనక అతని కళ్లు స్పష్టంగా కనబడ్డాయి. వాటిలో విసుగు ఉంది. ఇది రాస్తుంటే కూడా ఆ కళ్లే గుర్తొస్తున్నాయి.

నా ప్రాణం నిలబెట్టింది నా బడ్డీ, అంటే నీళ్లలో నాకు జతగా ఉన్న డైవర్. ఆ ఉదయమే పరిచయమైన పెద్దావిడ. నేను గొంతు మీద చెయ్యి లాగడం వెనకనుంచి చూసి వచ్చేసింది. తన ఆక్టోపస్ (ఇంకొకరికి ఇవ్వడానికి ఉండే అదనపు రెగ్యులేటర్) నా నోటికి అందించి, నా బీసీడీ (గాలి నింపుకునే డైవింగ్ జాకెట్) పట్టీ గట్టిగా పట్టుకుంది. నాలుగు శ్వాసలు తీసుకున్నాక నా గేజ్ చూసి, నా రెగ్యులేటర్‌లోంచి గాలి బయటికి వదిలే పర్జ్ బటన్ నొక్కింది. ముల్లు దబ్బున పడింది. వెంటనే చెయ్యి నా వెనక్కి పోనిచ్చింది. వాల్వ్ తిరుగుతున్న చప్పుడు తలకి ఆనించినట్టు వినబడింది. తిరుగుతూనే ఉంది. అన్ని చుట్లు మూసి ఉందన్నమాట.

ఆవిడ దగ్గర 12 లీటర్ల సిలిండర్‌లో 120 బార్ మిగిలింది, అంటే 1440 లీటర్లు. భయంలో మనిషికి నిమిషానికి 30 లీటర్లు వేసుకున్నా, ఆ లోతులో ఇద్దరికి నిమిషానికి 276 లీటర్లు. ఐదు నిమిషాల గాలి. వాల్వ్ సంగతి ఆవిడకి తట్టకపోతే మా ఇద్దరి పరిస్థితీ అంతే.

నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకొచ్చాం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాం. మేమిద్దరమే తేలాం, పడవ ఎక్కడో ఉంది. ఆవిడ బోయ్ (గాలి నింపితే నీటి మీద నిలబడే గుర్తు గొట్టం) ఊది నిలబెడితే చాలాసేపటికి వచ్చారు. ఎక్కాక ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. 1998 జనవరిలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర లెక్క సరిగా చూసుకోక ఇద్దరు డైవర్లని సముద్రంలో వదిలేసి వచ్చేశారు, రెండు రోజులకి గానీ ఆ సంగతి బయటపడలేదు. వాళ్లు మళ్లీ దొరకలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఆ కథ తెలుసు. అయినా ఇలా!

గైడ్ పైకొచ్చి అందరి ముందూ అన్న మాట ఇది: "గేజ్‌లో 150 పెట్టుకుని గాలి లేదంటావేంటి? భయముంటే ఇలాంటి చోట్లకి రాకూడదు." బడ్డీ వాల్వ్ సంగతి చెప్పింది. "దూకేముందు చూసుకోవాల్సింది తనే" అన్నాడు. కుర్రాడు తాడు చుట్టుకుంటూ తలెత్తలేదు. వాడి మీద నాకు కోపం లేదు. ఏ వైపు తిప్పితే మూసుకుంటుందో కూడా నేర్పకుండా మనుషుల ప్రాణాలు వాడి చేతిలో పెట్టినవాళ్ల మీదే కోపం.

మిగతా రెండు డైవ్‌లు చెయ్యనన్నాను, ఆ డబ్బైనా వెనక్కివ్వమన్నాను. ఆఫీసులో యజమాని నా సంతకమున్న కాగితం తీసి టేబుల్ మీద పెట్టి, మీరే ఒప్పుకున్నారు కదండీ అన్నాడు. క్షమించండి అన్న మాట ఒక్కరి నోటినుంచి కూడా రాలేదు. ఒక్క మాట అనుంటే ఇంత రాసేదాన్ని కాదేమో.

ఆ కుర్రాడు వాల్వ్ ముట్టుకున్న తర్వాత గేజ్ చూస్తూ ఇంకో నాలుగు శ్వాసలు పీల్చి ఉండాల్సింది. ముల్లు కొంచెం ఊగినా అక్కడే పట్టుబడేది. కనీసం దూకాక వాల్వ్ మీద చెయ్యి వేసి చూసుకోవాల్సింది. 28 దాటగానే ఆగిపోవాల్సింది. వంద డైవ్‌లు దాటినదాన్ని, నాకు ఇవన్నీ తెలుసు.

వెళ్లేవాళ్లుంటే: వాల్వ్ పూర్తిగా తెరిచి అలాగే వదిలేయండి. పావు చుట్టు వెనక్కి తిప్పే పాత అలవాటు మానేయండి, ఈ గందరగోళం అంతా దాంతోనే. గైడ్‌కి ఎంతమందో పడవ ఎక్కేముందు అడగండి, చెప్పిన లెక్క తప్పితే దిగిపోండి. బడ్డీకి ముల్లు ఊగడం గురించి ముందే చెప్పి ఉంచండి. రేపు పొద్దున్న పడవలో ఉన్నవాళ్లకి ఒక్కటే చెబుతున్నాను: అంచున నిలబడ్డాక ఎవరైనా మీ వెనక చెయ్యి పెడితే దూకకండి, వెనక్కి తిరిగి కూర్చుని మొదటినుంచి అంతా చూసుకోండి. అందరూ దూకేసి మీ కోసం ఎదురుచూస్తున్నా సరే.